క్రొత్త దొర, పాత దుబాసి



తిరుగలి యరిగినచో కక్కు కొట్టించుకొందుము. బిందె కారినచో మాటు వేయించుకొందుము. గిన్నెలకు కళాయి పూయించుకొందుము, కత్తిపీటకు సాన పట్టించుకొందుము. ఇంతటి మనము, విద్యుత్తుతో పనిచేయు వస్తువొకటి మూలబడినంతనే "పాతది గదా, దానికాలము తీరినది" అను మాటకు తలయూపి యూరకుందుము. అట్లు తలయూపబోయి యాగిన యొకనాటి సంగతిని మీతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను. నేను యంత్రశాస్త్రము చదివినదానను కాను. మా నాయనగారియొద్ద పంచకావ్యములును, భారతము కొంతయు, వ్యాకరణము కొంతయు నేర్చితిని, అంతియే. ఆ చదువే యీ పనిలో నాకు తోడ్పడినదనిన మీరు నవ్వుదురేమో.

మాది తెనాలికి చేరువనున్న పల్లె. మా వారు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. మా యింట 2011వ సంవత్సరమున కొనిన చిన్న లేజరు ప్రింటరొకటి కలదు. నేను కాపురమునకు వచ్చిన మఱుసటి యేడు, పుట్టినింటివారు పసుపుకుంకుమలకని యిచ్చిన సొమ్ముతో దానిని కొంటిమి. అది నలుపు తప్ప వేఱు రంగెఱుగదు. కాగితమునకు రెండవవైపున తానై అచ్చొత్తలేదు. ఐనను పదునాలుగేండ్లుగా పొడి నింపించుకొనుచు, విసుగక పనిచేయుచున్నది. పదవతరగతి పిల్లలు ముప్పదినలుగురకు రెండేసి పుటల అభ్యాసపత్రములు ప్రతిరాత్రి దానిమీదనే అచ్చగును. మా వారు లెక్కలు వ్రాసియిత్తురు; నేను వానిని కంప్యూటరున కెక్కించి, అచ్చుతీసి, ప్రొద్దుననే బడిసంచిలో పెట్టుదును. పరీక్షలు మార్చినెలలో. ఆ పిల్లలలో సగముమందికి వేఱొక అభ్యాసపుస్తకము కొనుక్కొను శక్తి లేదు.

ఇంతలో విండోసు 10 సంగతి వచ్చిపడెను. 2015లో వెలువడిన యా విధానమునకు 2025 అక్టోబరు 14వ తేదీతో ఉచితముగా నిచ్చు భద్రతాసవరణలు నిలిచిపోయినవి. ప్రత్యేకముగా పేరు నమోదు చేసికొన్నవారికి మాత్రము 2026 అక్టోబరు 13 వఱకు గడువు పొడిగించిరి. మా చిన్నమఱిది కార్తికమాసమున నొక యాదివారము వచ్చి, "వదినా, బ్యాంకి లెక్కలు చూచుకొను యంత్రమును సవరణలు లేకుండ నుంచరాదు" అని విండోసు 11 ఎక్కించి, బొబ్బట్లు తిని, సాయంకాలపు బండికి వెడలిపోయెను. అతడు చేసినది తగినపనియే. ఇప్పటికిని నేను కాదనను.

ఆ రాత్రి యథాప్రకారముగా అచ్చొత్తుమని యాజ్ఞ యిచ్చితిని. ప్రింటరు పచ్చదీపము వెలిగించుకొని నావంక చూచుచుండెనేగాని కదలలేదు. మఱల నొక్కితిని, మఱల నొక్కితిని. కంప్యూటరు సెట్టింగులలో వెదకగా దాని పేరుక్రింద "డ్రైవర్ ఈజ్ అనవైలబుల్" అను మూడు మాటలు కనబడెను.

మా వారు చూచి, "పదునాలుగేండ్లు కష్టపడినది. ఇంకేమి యడుగుదుము? క్రొత్తది కొందము" అనిరి. వెల విచారింపగా 14,000 రూపాయలని తెలిసెను. ఇంటిలో నంత సొమ్ము ఒక్కచోటనే యున్నది: అత్తగారి కంటి శుక్లము తీయించుటకై వేఱుగా తీసియుంచినది. అత్తగారు పడకకుర్చీలోనుండి, "నా కన్నులకేమి తొందరరా? సంక్రాంతి పోయినపిదప చూతములే. ముందు పిల్లల పరీక్షలు కానిమ్ము" అనిరి. ఆమె యట్లనునని నాకు ముందుగనే తెలియును. నాకు నిద్రపట్టకపోవుటకు కారణము కూడ నదియే.

పండుకొని యా మూడుమాటలలో మొదటిదానిని పట్టుకొని యాలోచించితిని. వీధిలో డ్రైవరనగా బండి నడుపువాడు. కంప్యూటరులోని డ్రైవరు బండి నడుపడు, అతడు దుబాసి. ద్విభాషియను మాటయే దుబాసి యైనది. చెన్నపట్టణమున కుంపిణీ దొరలకును మన వర్తకులకును నడుమ నిలిచి, ఇటుమాట నటు, అటుమాట నిటు చెప్పినవారు దుబాసీలు. కంప్యూటరు పుటను తన భాషలో తలచును. ప్రింటరు తన భాషలో తప్ప వినదు. అందును చౌకరకపు లేజరు ప్రింటర్లు పెక్కు పుటను తామై కూర్చుకొననేరవు. కంప్యూటరే చుక్కచుక్కగా కూర్చి యీయవలయును. ఆ కూర్పును, ఆ తర్జుమాను చేయు చిన్న యేర్పాటునకే డ్రైవరని పేరు. ఇప్పుడు దొర మాఱెను. క్రొత్తదొర పాత దుబాసిని గుఱుతింపలేదు. దుబాసి కొలువు పోయినంతమాత్రమున వర్తకుడు మూగవాడగునా?

ఈ తలపు రాగానే లేచి దీపము వెలిగించి వర్తకుని నోరు పరీక్షించితిని. ప్రింటరునకును కంప్యూటరునకును నడుమనున్న తీగను ఊడదీసి, ప్రింటరుమీది గుండీని కొన్ని క్షణములు అదిమిపట్టితిని. పెక్కు ప్రింటర్లకు ఇట్టి స్వయంపరీక్ష కలదు; ఏ గుండీని ఎంతసేపు పట్టవలయునో దానివెంట వచ్చిన చిన్నపుస్తకములో నుండును. (ఆ పుస్తకములను పాతకాగితాలవానికి వేయకుడు.) ప్రింటరు గుఱ్ఱుమని మూలిగి, కాగితము లాగుకొని, తన పేరును, తాను ఇదివఱకు అచ్చొత్తిన పుటల లెక్కయు చెప్పుకొనుచు నొక పుటను వెలువరించెను. అక్షరములు నల్లగా, పొందికగా నున్నవి. అర్ధరాత్రివేళ నా పుటను మా వారి బల్లమీద, కండ్లజోడుక్రింద పెట్టి వచ్చి పండుకొంటిని.

ఈ పరీక్ష చేయకుండ ఏ ప్రింటరును పాఱవేయకుడని నా మనవి. పుట చక్కగా వచ్చినచో జబ్బు ప్రింటరులో లేదు. పుట రాకున్నను, గీతలుపడి మసకగా వచ్చినను, కంప్యూటరుతో నెంత పెనుగులాడినను ఫలము లేదు. దానిని మరమ్మతు చేయువానియొద్దకు పంపవలసినదే. సిరాతో పనిచేయు ప్రింటర్లను నెలలతరబడి వాడకున్నచో సిరా ముక్కులోనే యెండిపోవుట కలదు. ఆ దోషమును క్రొత్త విండోసుమీద వేయరాదు.

మఱునాడు మా వారు పత్రములను తెనాలిలో నచ్చు తీయించిరి. పుటకు రెండు రూపాయలు, 68 పుటలకు 136 రూపాయలు. నాలుగుదినము లట్లు జరిగెను. ఆ నాలుగుదినములును మధ్యాహ్నము వంటయిల్లు సర్దినపిదప నేను కంప్యూటరుముందు కూర్చుంటిని.

మొదట తేలికసంగతులు. తీగ రెండుకొనలును గట్టిగా నున్నవో లేవో చూచి, ఒక గూటినుండి తీసి ప్రక్కగూటిలో పెట్టితిని. (ఈ చిన్నపనియే తరువాత నన్ను రెండుగంటలు ఏడిపించెను, చెప్పెదను.) పిదప, ఆజ్ఞ సరియైన యింటికే పోవుచున్నదా యని చూచితిని. విండోసులో "ప్రింట్ టు పీడీఎఫ్" అను పేర నొక ఉత్తుత్తి ప్రింటరు కూడ నుండును. అది కాగితముమీద గాక, కంప్యూటరులోనే యొక దస్త్రముగా అచ్చొత్తును. మార్పుల తరువాత నొకప్పుడు అదియే ముఖ్యప్రింటరుగా నిలుచును. మా ప్రక్కింటి వదినగారి కష్ట మంతయు నిదియే. ఆమె ప్రింటరు నిక్షేపముగా నుండగా, ఆమె నొక్కినప్పుడెల్ల కంప్యూటరు "ఏ పేరున దాచమందురు?" అని యడుగుచుండెను, ఆమెయు నోర్పుతో నొక్కొక్క పేరు చెప్పి పందొమ్మిది దస్త్రములు దాచెను. పేరు మార్చుటకు నాకు అరనిమిషము పట్టెను.

మా యింట నది కాదు. మా కంప్యూటరులో నా మొదటిరాత్రి నొక్కుళ్లు పదునొకండు వరుసగా నిలిచియుండెను. పనులను వరుసలో నిలిపి ఒక్కొక్కటిగా పంపువానికి స్పూలరని పేరు. రేషను దుకాణమువద్ద ముందువాడు కదలకున్నచో వెనుకవారందఱు నిలిచిపోవునట్లు, మొదటి యాజ్ఞ చిక్కుపడినచో మిగిలినవి కదలవు. అచ్చు రాలేదని పదేపదే నొక్కుట మనయందఱికి నలవాటు. అది వరుసను పొడిగించుటయేగాని వేఱు కాదు. నేను "సర్వీసెస్" అనుచోట "ప్రింట్ స్పూలర్" అను సేవను ఆపి, సీ డ్రైవులో విండోస్, దానిలో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ అను నరలోని దస్త్రములను తుడిచి, సేవను మఱల ప్రారంభించితిని. అరలోనివానినే తుడువవలయును, అరను గాదు. ఆ చుట్టుప్రక్కల వేఱొకదానిపై చేయి వేయరాదు.

ఇక దుబాసి. ప్రింటరు చేసినవారి జాలస్థలములో మా ప్రింటరు పేరు వెదకగా, విండోసు 11నకు డ్రైవరు లేదు. విండోసు 7నకు, 64 బిట్లది, కలదు. దానిని దింపి, ఎక్కించి, అచ్చొత్తుమంటిని. తెరమీద మఱల నా మూడు మాటలే. ఆ సాయంకాలము నాకును "పాతది గదా" అనిపించెనని యొప్పుకొనుచున్నాను.

మఱునాడు మా నాయనగారు జ్ఞప్తికి వచ్చిరి. సూత్రములో నొక్క యక్షరమైనను వ్యర్థముగా నుండదనియు, అర్థము కాలేదనిన చదువువాడు ఏదో మాటను దాటిపోయెననియు చెప్పెడివారు. ఆ చిన్నపుస్తకమును, జాలస్థలములోని విధానమును సూత్రములవలె నొక్కొక్క మాటగా చదివితిని. నేను దాటిపోయిన మాటలు మూడు. పాతదానిని ముందు పూర్తిగా తొలగింపవలయు నన్నది యొకటి. అడుగువఱకు తీగ తగిలింపరా దన్నది రెండవది. పాతకాలపు డ్రైవరును పాతకాలపు రీతిలోనే యెక్కింపవలయు నన్నది మూడవది.

పాతదానిని నేను తొలగించితిననియే యనుకొంటిని. కాని జాబితాలోనుండి ప్రింటరు పేరు తీసివేసినంతనే దుబాసి యిల్లు విడిచిపోడు, అటకమీద దాగియుండును. క్రొత్తవానిని పిలిచినప్పుడు దొర యటకమీదివానినే మఱల దింపుకొనుచున్నాడు! "ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్" అనుచోట "డ్రైవర్స్" అను పుటను తెఱచి, మా ప్రింటరు పేరు పట్టి, "రిమూవ్" నొక్కగా, డ్రైవరును మాత్రమా, దాని మూటను కూడనా యని యడిగెను. మూటతో సహా యంటిని. కంప్యూటరును ఆర్పి మఱల వెలిగించితిని. తీగ తగిలింపలేదు. దింపుకొనిన దస్త్రముమీద మౌసు కుడిగుండీ నొక్కి, "ప్రాపర్టీస్", దానిలో "కంపాటిబిలిటీ" అనుచోట విండోసు 7 నెన్నుకొంటిని. నీవు పాత దొర కొలువులోనే యున్నావని దస్త్రమునకు నచ్చచెప్పుట యన్నమాట.

అంతట కంప్యూటరు అధికారి సంకేతపదము నడిగెను. ఇది చాదస్తము కాదు. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అను లోపము బయటపడెను. స్పూలరు వాకిటగుండ దొంగలు లోన జొరబడుటకు వీలున్నదని తేలెను. ఆ సంవత్సరము ఆగస్టు సవరణలనుండి అధికారి యనుమతి లేనిదే క్రొత్త డ్రైవరును లోనికి రానీయరు. మఱిదికి ఫోను చేసి యడిగితిని. "ఏమి చేయుచున్నావు, వదినా?" అని యాశ్చర్యపడి చెప్పెను.

ఎక్కించుట ముగియవచ్చినప్పుడు తీగ తగిలింపుమని యడిగెను; తగిలించితిని. జాబితాలో ప్రింటరు పేరు వచ్చెను. ఆ మూడుమాటలు లేవు! పరీక్షాపుట పంపితిని. నిశ్శబ్దము. కొంతసేపటికి జాబితాలో అదే పేరు రెండవమాఱు, చివర "కాపీ 1" అని తోకతో వెలసెను. ఒక్క ప్రింటరు, రెండు పేర్లు. గూడు మార్చితినని ముందు చెప్పితిని గదా. కంప్యూటరు గూటిగూటికి నొక చిరునామా యిచ్చును. మొదటిదానికి యూఎస్‌బీ 001, రెండవదానికి యూఎస్‌బీ 002. నా ప్రింటరు 002 అను నింట కాపురముండగా, ఉత్తరములు 001 అను ఖాళీయింటికి పోవుచున్నవి. "ప్రింటర్ ప్రాపర్టీస్"లో "పోర్ట్స్" అను పుట తెఱచి, 001 మీది టిక్కును 002 మీదికి మార్చి, తోకగల పేరును తీసివేసితిని.

ప్రింటరు గుఱ్ఱుమనెను. ఆ చప్పుడునకు అత్తగారు పడకకుర్చీలో లేచి కూర్చుండి, "వచ్చినదా అమ్మాయీ?" అనిరి.

చేసినవారి జాలస్థలములో డ్రైవరే దొరకనివారికి వేఱొక దారి కలదు. ప్రింటరును చేర్చుచోట, దానంతటది కనబడనప్పుడు, "నా ప్రింటరు కొంచెము పాతది, వెదకుటకు సాయపడుము" అను నర్థముగల యొక వాక్యమును విండోసువారే పెట్టియున్నారు. చదివినప్పుడు నాకు నవ్వు వచ్చెను. వృద్ధులను గౌరవించువా రక్కడను ఉన్నారు. అక్కడనే మన చేతులతో చిరునామాయు, డ్రైవరును ఎన్నుకొను వీలు కూడ కలదు. సరియైన పేరు లేకున్నచో, అదే కుటుంబములోని దగ్గఱిపేరును ప్రయత్నింపవచ్చును. వేలువిడిచిన మేనమామ యొకప్పుడు పెండ్లిపెద్దగా సరిపోవును. ఒకప్పుడు రభస చేయును. రభస యనగా పుటల కొలది పిచ్చిగుర్తులు వెలువడుట. అట్లయినచో వెంటనే కాగితములు లాగివేసి, ఆ పేరు తొలగింపుడు.

ఒక హెచ్చరిక. డ్రైవరును ప్రింటరు చేసినవారి స్వంత జాలస్థలమునుండి తప్ప దింపుకొనకుడు. వెదకినప్పుడు మొదటవచ్చు పేర్లలో మాఱువేషములుండును. సహాయకేంద్రమని యొక ఫోను సంఖ్య చూపి, పిలిచినవారిని మాటలలో పెట్టి, కంప్యూటరును తమ చేతికి తీసికొని, బ్యాంకిసొమ్ము దోచువారు కలరు. ఎవరు కోరినను మీ తెరను దూరమునుండి నడుపు ననుమతి యీయకుడు, ఓటీపీ చెప్పకుడు. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. అది భారత ప్రభుత్వపు సైబరు నేరముల సహాయసంఖ్య.

అన్ని పాత ప్రింటర్లును బ్రదుకునని చెప్పజాలను. విండోసు 11 నందు 64 బిట్ల రకమే కలదు; చేసినవారు 32 బిట్ల డ్రైవరును మాత్రమే వ్రాసి వదలివేసిన ప్రింటరునకు అందులో చోటు లేదు. అట్టివానిలో కొన్ని లినక్సు అను నుచిత విధానములో లేచి కూర్చుండును. అందు అచ్చుపని చూచునది కప్స్ అను నేర్పాటు. పాత కంప్యూటరొకటి యున్నచో, దానిని అంతర్జాలమునకు తగిలింపక, అచ్చునకు మాత్రమే యుంచుకొనుటయు నొక యుపాయము. రాబోవుకాలమున దుబాసీల యవసరమే తగ్గునని తోచుచున్నది. ఐపీపీ యను నుమ్మడిభాషను ప్రింటర్లకే నేర్పుచున్నారు. ఆపిల్‌వారి ఎయిర్‌ప్రింట్ 2010లో వచ్చెను. ప్రింటరులు చేయువారు కొందఱు కూడి 2013లో మోప్రియా యను కూటమి నేర్పఱచిరి. ప్రింటరు చేసినవారి డ్రైవర్లను తామందించుట క్రమముగా తగ్గింతుమని విండోసువారు 2023 సెప్టెంబరులో ప్రకటించిరి. మావంటి పాత ప్రింటరు గలవారు "విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్" అను మీటను మాత్రము ముట్టకుండుట మంచిది; అది తెఱచినచో ఉమ్మడిభాష తెలిసినవానికే ప్రవేశము, పాత దుబాసీలందఱు ఒక్కమాఱుగా కొలువు విడువవలసినదే.

ఆ రాత్రి 68 పుటలును ఎనిమిదిగంటలకు ముందే ముగిసెను. మా వారు పత్రములు సర్దుచు, కండ్లజోడుక్రింద పెట్టిన యా మొదటి పుటను తమ దినచర్యపుస్తకములోనుండి తీసి చూపి, "దీనిని నేను పాఱవేయలేదు సుమా" అనిరి. నేనేమియు ననలేదు. డ్రైవరు దస్త్రమును పెన్‌డ్రైవులోని కెక్కించి, చేసిన పనులను వరుసగా కాగితముమీద వ్రాసి, రెండింటిని బీరువాలో పట్టుచీరల యరలో పెట్టితిని; మఱల దొర మాఱినప్పుడు వెదకుకొనకుండ.

అత్తగారు మాత్రము తమకొక సహస్రనామము కావలెననిరి. అక్షరములను పెద్దవి చేసి, పుటకు ఆఱు పంక్తులుగా నచ్చొత్తి, దారముతో కుట్టి యిచ్చితిని. కిటికీయొద్ద కూర్చుండి, పుటను కంటికి చేరువగా పట్టుకొని చదువుకొనిరి. శుక్లము డిసెంబరులోనే తీయించితిమి. ఇప్పుడు వారు చిన్నయక్షరముల పుస్తకమే చదువుచున్నారు. ఆ పెద్దయక్షరముల ప్రతిని ప్రక్కింటి వదినగారి తల్లికి ఇచ్చితిమి.